కొనువాని ధర్మము

కర్నూలు జిల్లాలో గుత్తికిని పత్తికొండకును నడుమనున్న ఎఱ్ఱగుడి సమీపమున, గుట్టమీది బండలపై అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మశాసనములు ఇరువదిరెండు శతాబ్దములకు మించి ఎండకెండుచు వానకు తడియుచు నేటికిని నిలిచియున్నవి. వానిలో మొదటిదానియందు చక్రవర్తి జంతుబలులను వారించి, ఆ వెంటనే తన యింటి సంగతి యొకటి ప్రజలకు విన్నవించుకొనెను: పూర్వము తన వంటశాలలో కూరలకై దినదినమును అనేక లక్షల ప్రాణులు వధింపబడుచుండెననియు, శాసనము వ్రాయించునాటికి ఆ సంఖ్య మూడింటికి, అనగా రెండు నెమళ్లకును ఒక జింకకును, దిగివచ్చెననియు, ఆ జింకయైనను నిత్యము కాదనియు, ఇకమీదట ఈ మూడింటిని కూడ చంపబోరనియు. లోకమునకు ధర్మము చెప్పదలచిన రాజు తన వంటయింటి లెక్కను, అందింకను మిగిలియున్న మూడు ప్రాణుల కొఱతను సైతము దాచక, శిలమీది కెక్కించుట నాకెప్పుడును ఆశ్చర్యము గొలుపును. ప్రజల విస్తరివైపు చూపు సారించుటకు ముందే తన పొయ్యి సంగతి చూచుకొన్న పాలకుడాతడు.

నేడు పాలకునికి ప్రత్యేకమైన వంటశాల లేదు. ఉన్నది నగరపు వంటశాల. పాఠశాలల భోజనశాలలు, ప్రభుత్వాసుపత్రులు, చెఱసాలలు, అనాథగృహములు, ఇవన్నియు దానిలో భాగములే. వానికి సరకు కొనునది ప్రజల ధనము. ఈ కొనుగోలులో మాంసమును తగ్గించి కాయధాన్యములకును కూరగాయలకును చోటు పెంచవలెనను ప్రయత్నము పాశ్చాత్య నగరములలో కొంతకాలముగా సాగుచున్నది. బెల్జియము దేశమున గెంటు నగరము 2009లో గురువారమును మాంసము లేని దినముగా ప్రకటించి, ఆ యాచారమును తన బడులలోనికి తెచ్చెను. ఫ్రాన్సు దేశమున 2018 నాటి చట్టము ననుసరించి బడిపిల్లలకు వారమున కొకపూట మాంసమును చేపయు లేని భోజనము ప్రయోగముగా మొదలై, 2021లో స్థిరపడినది. న్యూయార్కు నగరము 2022 నుండి తన ప్రభుత్వాసుపత్రులలో, తినుటకు వీలున్న రోగికి మొట్టమొదట మొక్కల నుండి వచ్చిన వంటకమునే సూచించుచు, అది వలదన్నవానికి అట్టిదే మఱియొకటి చూపి, అదియు వలదన్నవానికి మాత్రము మాంసము పెట్టు పద్ధతి నవలంబించినది. సగమునకు మించినవారు మొదటి సూచననే అంగీకరించిరనియు, తిన్నవారిలో నూటికి తొంబదిమందికి పైగా తృప్తి చెందిరనియు ఆ ఆసుపత్రుల నిర్వాహకులు తెలిపిరి.

ఇందులకు కారణము శీతోష్ణస్థితి. నెమరువేయు పశువుల కడుపులో పుట్టు మీథేను వాతావరణమున సుమారు 12 ఏండ్లు మాత్రమే నిలుచునుగాని, 20 ఏండ్ల లెక్కలో చూచినచో బొగ్గుపులుసు వాయువుకంటె దాదాపు 80 రెట్లు వేడిని పట్టియుంచును. మేతకై నరకబడు అడవుల నష్టము వేరు. పూర్, నెమెచెక్ అను పరిశోధకులు 2018లో ప్రకటించిన లెక్క ప్రకారము లోకములోని వ్యవసాయభూమిలో 83 శాతము మాంసము, పాలు, గ్రుడ్లు, పెంపుడు చేపలకై వినియోగమగుచుండగా, అవి మనుష్యులకిచ్చు మాంసకృత్తులు 37 శాతము, శక్తి 18 శాతము మాత్రమే.

ఇది యంతయు శాస్త్రజ్ఞుల విషయము. నన్ను కలవరపెట్టునది మఱియొకటి. కంటి యెదుట కత్తి లేక, నెత్తురు లేక, చచ్చువాడెవడో తెలియక జరుగు హాని హింసయగునా? పతంజలి హింసను మూడు విధములుగా విభజించెను: స్వయముగా చేసినది, ఇతరులచే చేయించినది, చేయుచుండగా సమ్మతించినది. మనుస్మృతి మాంసవిషయమున ఇంకను దూరము పోయి, చంపినవానితోపాటు అనుమతించినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టెను. కొనువాడు చేతులు కడుగుకొనుటకు మన ప్రాచీనులు చోటీయలేదు. ఒక గృహస్థుడు కొన్నచో ఆ బాధ్యత యొక యింటిది. నగరపాలక సంఘము కొన్నచో, పన్ను కట్టిన ప్రతివాడును, మాంసము ముట్టనివాడును సైతము, ఆ కొనుగోలులో భాగస్వామియే యగుచున్నాడు. అందుచేత వ్యక్తి భోజనము విషయమున మౌనము వహింపదగినవారు కూడ నగరపు భోజనము విషయమున మాటాడుటకు హక్కు కలవారు.

దీనికంటె లోతైన చిక్కు కర్మసిద్ధాంతమునందున్నది. చేసినవాడే ఫలమనుభవించుననుట ఆ సిద్ధాంతమునకు వెన్నెముక. చేసినవానికి ఫలము తప్పిపోవుటను కృతహాని యనియు, చేయనివానికి ఫలము తగులుటను అకృతాభ్యాగమమనియు పేర్కొని, ఏ వాదమైనను ఈ రెండింటిలో దేనికి దారితీసినను ఆ వాదమే దుష్టమని మన దర్శనకారులు త్రోసివేసిరి. అట్టి లోకము ధర్మబద్ధమైన లోకము కానేరదని వారి నిశ్చయము. కాని భూతాపమున నేడు మన కన్నుల యెదుట జరుగుచున్నది సరిగా ఇదియే కదా! సంపన్న దేశముల నగరములలో ఒక తరము భుజించిన దాని ఫలమును, ఆ భోజనము పేరైనను వినని తీరవాసియు, ఇంకను పుట్టని శిశువును అనుభవింపవలసియున్నది. జన్మాంతరముల లెక్కలో ఇదియు ఎక్కడనో సరిపోవునని చెప్పి ఊరకుండువారుందురు. వారి విశ్వాసమును నేను కాదనను, కాని ఆ విశ్వాసము నేడు వండువాని కర్తవ్యమును తగ్గింపజాలదు. తర్కములో అసంభవమని పూర్వులు త్రోసివేసిన అన్యాయము వ్యవహారములో సంభవమై నిలిచినప్పుడు, దానిని మనుష్యులు తమ చేతులతోనే అడ్డుకొనవలెను. మీథేను అల్పాయువు కావున, నేడు తగ్గించినదాని మేలు కొలదియేండ్లలోనే కనబడును; ఈ కర్మకు విరుగుడు ఈ జన్మలోనే కలదు.

అట్లని మొక్కల భోజనము నిర్దోషమని చెప్పుట సత్యము కాదు. మహాభారతమున అరణ్యపర్వములో, ఇతరులు చంపిన మాంసమును తాను తినకయే అమ్ముకొని జీవించు మిథిలానగరపు ధర్మవ్యాధుడు, తపోగర్వితుడైన కౌశికునికి ఈ మాటయే చెప్పెను: నాగటిచాలు క్రింద ఎన్నియో ప్రాణులు నశించుచున్నవి, గింజయందును జీవమున్నది, కావున లోకమున సంపూర్ణముగా అహింసకుడు లేడు, యత్నముచేత హింస కొంచెమగును, అంతియే. మన వరిమడులలో నిలువనీటినుండియు మీథేను వెలువడునన్న సంగతి ఎఱిగినవానికి ఆ వ్యాధుని వాక్కు మఱింత సత్యముగా తోచును. హింసలేని విస్తరి ఎక్కడనున్నదని కాదు, ఏ విస్తరిలో అది తక్కువయని విచారింపవలెను. ఎఱ్ఱగుడి శిలమీది మూడు ప్రాణుల లెక్కయందలి నిజాయతీ నాకు అందుచేతనే ప్రీతిపాత్రము.

ఇక స్వేచ్ఛ సంగతి. 2021 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని లియోన్ నగరాధ్యక్షుడు గ్రెగరీ దూసే, అంటువ్యాధి కాలమున పిల్లలకు త్వరగా వడ్డింపవలసియుండుటచే, బడులలో అందఱికిని మాంసము లేని ఒకే భోజనమును ఏర్పఱచెను. అందు చేపయు గ్రుడ్డును ఉండెను. పూర్వపు నగరాధ్యక్షుడును అంతకుముందటి యేట అట్లే చేసియుండెను. ఐనను, పిల్లల పళ్లెములలో సిద్ధాంతములు వడ్డించుచున్నారని దేశపు వ్యవసాయమంత్రియే నిందింపగా, రైతులు ట్రాక్టర్లతోను పశువులతోను నగరసభ యెదుటికి వచ్చిరి. వారి యాగ్రహము వట్టి మొండితనమని నేననుకొనను. తన జీవనోపాధి పాపమని అధికారి నోట విన్నవానికి దుఃఖము కలుగక మానదు. ఈ విషయమునను అశోకుడే మనకు పెద్దదిక్కు. రాజ్యపాలన ఇరువదియారేండ్లు గడచిన పిమ్మట పలు జంతువుల వధను నిషేధించిన ఆ చక్రవర్తి, మఱుసటి సంవత్సరమే, నేడు ఢిల్లీలోనున్న స్తంభముమీద, నియమములవలన కలిగినది స్వల్పమనియు, నచ్చజెప్పుటవలన కలిగినదే అధికమనియు, ప్రాణులయెడ అహింసయును ఆ విధముగనే వృద్ధిచెందెననియు వ్రాయించెను. సర్వాధికారములు గలవాడు అధికారముయొక్క పరిమితిని ఇంత స్పష్టముగా చెప్పిన సందర్భములు చరిత్రలో అరుదు. న్యూయార్కు ఆసుపత్రుల పద్ధతి నాకు ధర్మసమ్మతముగా తోచుట కిదియే హేతువు: వరుస మార్చిరి, ద్వారము మూయలేదు.

తెలుగుదేశమునకు ఈ ధర్మమును యథాతథముగా తెచ్చుకొనుట యుక్తము కాదు. హైదరాబాదులో 2014 నుండి పెట్టుచున్న ఐదురూపాయల భోజనమును, ఆంధ్రప్రదేశమున అన్న క్యాంటీన్ల భోజనమును అన్నము, పప్పు లేక సాంబారు, కూరలతో కూడినవే. మన నగరముల వంటశాల ఇదివఱకే సస్యభోజనశాల. మధ్యాహ్న భోజనములో బడిపిల్లకు పెట్టు గ్రుడ్డును భూతాపము పేరు చెప్పి తీసివేయదలచువాడు మాత్రము, సంపన్నుని ఋణమును బీదవానిచే కట్టించువాడు. అకృతాభ్యాగమమునకు ఇంతకంటె క్రూరమైన రూపముండదు. అంతేకాదు, తిండినిబట్టి మనుష్యులను మీదనెక్కించి క్రిందికి ద్రోసిన దేశమిది. ఇక్కడ పైనుండి విధింపబడు మాంసనిషేధము, ఉద్దేశ మెంత మంచిదైనను, పాత అవమానముగానే వినబడును. మనము చేయదగినది వేఱు. 2023 మార్చినుండి ఆంధ్రప్రదేశపు ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ పోయసాగిరి. నిలువనీరక్కఱలేని, మెట్టపొలములో పండు ఆ ధాన్యమునకు ప్రభుత్వమే స్థిరమైన కొనుగోలుదారై నిలిచినచో, రాయలసీమ మెట్టరైతునకును బడిపిల్లకును మేలగును, వరిమడి మీథేనును కొంత తగ్గును. వసతిగృహముల టెండర్లలో బియ్యపు బస్తాలతో సమానమైన శ్రద్ధ రాగులకును, కొఱ్ఱలకును, కందులకును, పెసలకును దక్కవలెను. పప్పు నీళ్లగాక చిక్కగా పిల్లవాని కంచములోనికి చేరుటకు తగిన ధర నీయవలెను. ఈ పని కొక క్రొత్త చట్టమక్కఱలేదు. జిల్లాకొక కొనుగోలు పట్టికను తిరిగి వ్రాసిన చాలును, ఆ వ్రాయునప్పుడు బడిలో వండు అమ్మలను, తిను పిల్లలను అడిగి వ్రాయవలెను.