చలివేంద్రం చాలునా?

తెలుగునాట ఎండలు ముదరగానే వీధి మొగలలో చలివేంద్రాలు వెలుస్తాయి. తాటాకు పందిరి, తడి ఇసుకపై నిలిపిన కుండలు, బాటసారికి చల్లని నీరు లేదా మజ్జిగ. భాగవతంలోని రంతిదేవుడు 48 దినాలు నీరైనా లేక గడిపి, చివరకు మిగిలిన కాసిని నీళ్ళను కూడా దప్పిగొని వచ్చిన వానికి ధారపోశాడు. ఆ కథ వింటూ పెరిగిన మనకు జలదానం గొప్పతనాన్ని ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు.

ఫీనిక్స్ నగరానికి వచ్చినా ఆ ఆచారాన్ని విడువలేదని మేము అనుకొన్నాము. 2023 వేసవిలో ఇక్కడ వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 ఫారెన్‌హీట్ డిగ్రీలకు, అంటే సుమారు 43 సెల్సియస్ డిగ్రీలకు, తక్కువ కాలేదు. ఆ రోజులలో ఒక మధ్యాహ్నం మా పెరటిలో కొమ్మలు కత్తిరిస్తున్న పనివారికి మంచునీళ్ళ సీసా అందించి తృప్తి పడ్డాము. కొంతసేపటికి ఆయన తూలి గోడకు జారగిలబడ్డారు. 911కు ఫోను చేసి, నీడకు చేర్చి, తడిబట్టలు కప్పి విసిరాము. దైవకృప వల్ల తేరుకొన్నారు.

ఆ రాత్రి మా అమ్మాయి అడిగింది: "నీళ్ళిచ్చాం సరే, రెండు గంటలకు రమ్మన్నది మనమే కదా?"

మా వద్ద సమాధానం లేకపోయింది. ఉదయం మాకు తీరిక లేదని ఆ వేళను ఎంచుకొన్నది మేమే.

చెమట ఆవిరవుతున్నప్పుడు శరీరం చల్లబడుతుంది. ఆ చెమటకు నీరు ఆధారం. కాని శ్రమించే కండరాలు లోపల వేడిని పుట్టిస్తూనే ఉంటాయి, ఎండ పైనుండి మరింత చేరుస్తుంది. ఈ రెండూ చెమట శక్తిని మించితే ఎన్ని నీళ్ళు తాగినా దేహతాపం పెరుగుతుంది. అది 40 సెల్సియస్ డిగ్రీలు దాటి, మతి తప్పితే ప్రాణాపాయకరమైన వడదెబ్బ. కనుక నీటితో పాటు నీడ, విశ్రాంతి కూడా అవసరం. ఎండపనికి కొత్తవారి శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ ఒక్క సంవత్సరంలో మా మారికోపా కౌంటీలో వేడిమితో ముడిపడిన మరణాలు 645.

"ఆయన ఒప్పుకొనే వచ్చారు కదా" అని మేము సమర్థించుకోబోయాము. కాదంటే ఆనాటి కూలి పోతుందనే భయం ఉన్నవారి ఒప్పుకోలు ఎంతవరకు స్వేచ్ఛ? అందుకే ఆ నిర్ణయాన్ని కూలివారికే వదలని దేశాలున్నాయి. తెలంగాణ నుండి వెళ్ళినవారు ఎందరో పనిచేసే ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుండి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని నిషిద్ధం. మన పల్లెలలోనూ వేసవిలో కూలీలు తెల్లవారకముందే పొలానికి వెళ్ళి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుతారు.

రంతిదేవుడు ఇచ్చినది తనకు అక్కరలేని నీరు కాదు, తన ప్రాణానికి కావలసిన నీరు. మా ఇంట నీటికి కొదవ లేదు. మాకు ఇవ్వడం కష్టమైనది మా సౌకర్యం, మాకు నచ్చిన వేళ.

ఇప్పుడు మా పెరటిపని ఉదయం 6 గంటలకే మొదలవుతుంది. ఎండ మించిన రోజున పని ఆపినా కూలి పూర్తిగా ఇస్తాము. రంపపు చప్పుడుకు సెలవునాటి నిద్ర చెడుతుంది. చెడనిస్తున్నాము.