పట్టా, సేద్యం, సాయం: 'రైతు' నిర్వచనంలోని నైతిక సమస్య

తెలుగులో 'రైతు' అన్న మాటకు రెండర్థాలు కలిసి నడుస్తున్నాయి. నాగలి పట్టినవాడు రైతు; పట్టా ఉన్నవాడూ రైతే. లోకవ్యవహారంలో మొదటిది ప్రబలం, రెవెన్యూ పరిభాషలో రెండవదే ప్రమాణం. రైత్వారీ విధానంలో శిస్తు ఎవరి నుండి రాబట్టాలో తేల్చేందుకు పట్టా ఆధారమైంది. ఎవరు దున్నుతున్నారు, పంట పోతే ఎవరు మునుగుతారు అన్నవి దానికి గౌణం. వసూలుకు ఉపయోగపడిన ఆ పత్రమే నేడు సాయం పంపిణీకి కొలమానమైంది. తీసుకొనేటప్పుడు వేసిన ప్రశ్న ఇచ్చేటప్పుడూ సరిపోతుందా అన్నదే ఇక్కడి విచార్యాంశం.

తెలంగాణలో 2018 మే 10న ప్రారంభమైన రైతుబంధు ఎకరానికి, పంటకాలానికి 4,000 రూపాయలు ఇచ్చింది. మరుసటి ఏడాది అది 5,000 అయింది. భూపరిమితి లేదు. కౌలుదారుకు చోటు లేదు. పథకం చెప్పుకొన్న ప్రయోజనం పంట పెట్టుబడి. విత్తనం, ఎరువు, కూలి ఖర్చులు కౌలు భూమిలో ప్రధానంగా కౌలుదారువే. ఆపైన కౌలు సొమ్ము అదనం. కనుక ఈ పథకాన్ని విమర్శించడానికి బయటి సిద్ధాంతమేదీ అవసరం లేదు. అది చెప్పుకొన్న కారణమే దాని పంపిణీని తప్పుపడుతున్నది.

దీనికి వచ్చే సమాధానాలలో ఒకటి గట్టిది. భూయజమానులందరూ ధనికులు కారు. సేద్యం చేసుకోలేక రెండెకరాలు కౌలుకిచ్చిన వితంతువుకు ఆ సొమ్మే ఆసరా కావచ్చు. అయితే అది ఆమె పేదరికాన్ని బట్టి కలిగే హక్కు, పింఛను రూపంలో తీరవలసినది. పెట్టుబడి పేరిట ఆమెకిచ్చిన న్యాయమే పట్నంలో ఉద్యోగం చేసుకొనే యాభై ఎకరాల ఆసామికీ వర్తించింది. కౌలుదారులను గుర్తించడం కష్టమన్న మరో వాదం పాలనా సౌలభ్యానికి సంబంధించినది. లెక్కించడానికి సులువైనది గనుక న్యాయమైనదని చెప్పడం కుదరదు.

ఈ చిక్కు తెలుగు నేలకే పరిమితం కాదు. అమెరికాలో 1933 నాటి వ్యవసాయ సర్దుబాటు చట్టం పత్తి విస్తీర్ణం తగ్గించినందుకు డబ్బు చెల్లించింది. అందులో కౌలుదార్లకూ వాటా ఉండాలన్నది నియమం. ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని పాయిన్సెట్ కౌంటీ వంటి పత్తి ప్రాంతాలలో ఆ వాటా భూస్వాముల చేతిమీదుగా రావలసి వచ్చింది. చాలామంది దానిని తామే ఉంచుకొన్నారు, లేదా పాత బాకీ కింద జమ వేసుకొన్నారు. సాగు తగ్గడంతో కౌలుదారే అక్కరలేనివాడై కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. 1934 జూలైలో ఆ కౌంటీలోని టైరోంజా దగ్గర నల్లవారూ తెల్లవారూ కలిసి దక్షిణ ప్రాంత కౌలు రైతుల సంఘం స్థాపించుకొన్నారు. కౌలుదార్లను తొలగించరాదని ఒప్పందానికి అర్థం చెప్పిన వ్యవసాయ శాఖ న్యాయవాదులు 1935 ఫిబ్రవరిలో ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. అంటే కాగితం మీద వాటా రాసినంత మాత్రాన చాలదు. ఆ వాటా ఎవరి దయమీదుగా రావాలన్నది అంతకంటె ముఖ్యం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టాన్ని ఈ వెలుగులో చదవవలసి ఉంది. కౌలుదారును గుర్తించడం దాని గొప్పతనం. కాని పదకొండు నెలల ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. రాత కౌలు రేపు హక్కుగా మారుతుందేమోనన్న యజమాని భయం అకారణమని చెప్పలేము. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను సృష్టించిన జ్ఞాపకం తెలంగాణలో ఇంకా ఉంది. ఆ భయాన్ని తీర్చే పూచీ రాజ్యానిది. దానికి మూల్యం మాత్రం కౌలుదారు చెల్లిస్తున్నాడు.

2018లోనే వచ్చిన రైతు బీమాలో ఈ తేడా మరింత స్పష్టం. పద్ధెనిమిది నుండి యాభై తొమ్మిదేళ్ల వయసున్న పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. అదే పొలాన్ని దున్నిన కౌలుదారు మరణిస్తే, సొంత పట్టా లేనివాడు గనుక, ఆ పథకం లెక్కలో మరణించినవాడు రైతు కాడు.