వేలి కొనతో పలికే సాక్ష్యం



పోయిన సంవత్సరం ఆగస్టు 15న మా విచారణలో మరియమాత మోక్షారోపణ పండుగ వైభవంగా జరిగింది. నవదిన ప్రార్థనలు, తేరు ప్రదక్షిణ, అన్నదానం అన్నీ సక్రమంగా ముగిశాయి. నాలుగు రోజుల తరువాత విచారణ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పండుగ లెక్కల పుస్తకంలో ఒక పేజీ అది. వచ్చిన చందాలు ఒక పక్క, అయిన ఖర్చు ఒక పక్క. రెంటికీ ముప్పై వేల పైచిలుకు తేడా. కింద ఒకే వాక్యం: "పెద్దలు దీనికి సమాధానం చెబుతారని ఆశిస్తున్నాం." పేరు రాయలేదు. రాయనక్కర లేదు కూడా. చందాల పుస్తకం పట్టుకొని ఇంటింటికీ తిరిగింది ఎవరో మా ఊళ్ళో అందరికీ తెలుసు. ముప్పై యేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు.

నేనప్పుడు గురువుల సమావేశం ముగించుకొని బస్సులో తిరిగి వస్తున్నాను. ఫొటో చూశాను. ఆదివారం పూజ తరువాత మాట్లాడవచ్చులే అనుకొని, దాని కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఫోను జేబులో వేసుకున్నాను. దయచేసి శాంతించండి అని నా భావం. చూసినవారికి అది వేరుగా అర్థమైంది. "ఫాదర్ గారే దండం పెట్టేశారు, అంటే ఆయనకూ అనుమానం ఉన్నట్టే గదా" అనుకున్నారట. సాయంత్రానికి ఆ ఫొటో ఇంకో మూడు గ్రూపులకు పాకింది. హైదరాబాదులోని చుట్టాలకు, కువైట్‌లో పనిచేసే మా ఊరివాళ్ళకు కూడా చేరింది.

ఆదివారం మాస్టారు పూజకు వచ్చారు. ఆయన భార్య రాలేదు. సత్యోపదేశం తరగతిలో వారి మనుమణ్ణి తోటి పిల్లలు ఏదో అన్నారట, వాడు మధ్యలోనే లేచి ఇంటికి పోయాడు. ఆ సాయంత్రమే సంఘ పెద్దలం కూర్చొని లెక్కలు చూశాం. తరువాతి పేజీలో షామియానాకు, లైటింగుకు, బ్యాండు మేళానికి ఇచ్చిన డబ్బు రసీదులతో సహా ఉంది. రూపాయి తేడా లేదు. ఫొటో తీసిన యువకుడు పేజీ తిప్పలేదు. అంతే.

(ఈ సంగతి రాయడానికి ఆ ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు, మా బంగళా వరండాలో కూర్చొని మాట్లాడుకున్నది.)

"ఫాదర్ గారూ, నేను అబద్ధం రాయలేదు గదండీ, ఉన్న పేజీనే పెట్టాను" అన్నాడు ఆ అబ్బాయి. ఈ మాట మనలో చాలామంది అనే మాటే గనుక దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఎనిమిదవ ఆజ్ఞ అనగానే మనకు అబద్ధం ఒక్కటే గుర్తుకు వస్తుంది. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2477వ సంఖ్యలో పొరుగువాని పేరుకు హాని చేసే మూడు పాపాలను విడివిడిగా చూపుతుంది. తగిన ఆధారం లేకుండా ఎదుటివాడు తప్పు చేశాడని మనసులోనైనా సరే నమ్మడం తొందరపాటు తీర్పు. లేనిది కల్పించి చెప్పడం అపనింద. ఈ రెంటి మధ్యా ఇంకొకటి ఉంది. ఒకరి తప్పు నిజమైనదే అయినా, చెప్పవలసిన సరైన కారణం లేకుండా, తెలియనివారికి తెలియజేయడం. మన ఊళ్ళలో దీన్ని చాడీలు చెప్పడం అంటాం. "నిజమే గదా చెప్పాను" అన్న సమర్థన అపనింద నుండి తప్పించవచ్చునేమో గాని, ఈ పాపం నుండి తప్పించదు. మా అబ్బాయి విషయంలో పేజీ నిజం, దాని నుండి అతడు తీసిన తీర్పు అబద్ధం.

అలాగని లెక్కలు అడగకూడదని నేననడం లేదు. అడగాలి, గుడి డబ్బు అందరిదీ. కాని ఎలా అడగాలో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు వరుస చెప్పారు: మొదట అతనితో ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. మనం ఈ వరుసను తలకిందులు చేశాం. మొదట 140 మంది ఉన్న గ్రూపుకు చెబుతాం. అతనితో ఒంటరిగా మాట్లాడడం చివరకు కూడా జరగదు.

ఇక నా సంగతి. సెమినరీలో మాకు పునీత తోమాసు అక్వీనాసు రచనలు పాఠ్యాంశం. చాడీలు చెప్పడాన్ని గురించి ఆయన చర్చిస్తూ, ఊరక వినేవాని గతి ఏమిటన్న ప్రశ్న కూడా వేశారు. ఎదురు చెప్పకుండా విన్నవాడు సమ్మతించినట్లే కనబడతాడు. భయం చేతనో, మొహమాటం చేతనో, అశ్రద్ధ చేతనో ఊరుకుంటే సాధారణంగా అది చెప్పినవాని పాపం కంటే చిన్నది. అయితే సరిదిద్దే బాధ్యత పదవి రీత్యా ఎవరికుందో, వాడు ఊరుకుంటే అది చావైన పాపమే కావచ్చును అంటారాయన. నాడు పరీక్ష కోసం చదివిన ఆ భాగాన్ని ఈ వయసులో మళ్ళీ తీసి చదివాను. పరీక్షకు చదివినంత తేలికగా లేదు.

"నేను రాసింది కాదు, వచ్చింది పంపానంతే" అనడం కూడా మామూలైపోయింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకారు ఇలాగే వేలి కొనల మీద దేశమంతా ప్రయాణించింది. మన తెలుగు నేల మీద కూడా అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు కోల్పోయారు. మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో జూలై 1న ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ వారు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. యంత్రానికి కట్టడి చేయగలిగారు. మరి మనసుకు?

ఆ సంవత్సరమే దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు తమ ప్రపంచ సమాచార దినోత్సవ సందేశాన్ని తప్పుడు వార్తల మీదనే రాశారు. ఏదెను తోటలో సర్పం అవ్వతో పలికిన మాటను ఆయన మొట్టమొదటి తప్పుడు వార్తగా చూపించారు. సర్పం పూర్తి అబద్ధంతో మొదలు పెట్టలేదు, దేవుడన్న మాటనే కాస్త మార్చి అడిగింది. సగం పేజీ ఫొటో లాగా.

(పదిమందికి పంపితే దేవమాత అద్భుతం చేస్తుంది, పంపకపోతే కీడు జరుగుతుంది అనే సందేశాలు నాకు పంపేవారికి ఒక మాట. ఇవి మా చిన్నతనంలో పోస్టుకార్డు మీద వచ్చేవి. మన తల్లి ఎవరినీ బెదిరించదు. దయచేసి మానండి.)

ఆ యువకుడు వారం తరువాత మళ్ళీ వచ్చాడు. ఫొటో డిలీట్ చేశానని, మాస్టారింటికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నానని చెప్పాడు. మంచిదే. కాని పాపానికి క్షమాపణ దొరికినా, పోగొట్టిన పరువును తిరిగి ఇచ్చే బాధ్యత మిగిలే ఉంటుందని సత్యోపదేశ గ్రంథం 2487వ సంఖ్య చెబుతుంది. "బాబూ, నలుగురిలో తీసిన పరువును నాలుగు గోడల మధ్య ఎలా తిరిగి ఇస్తావు?" అని అడిగాను. రెండు రోజులు ఆలోచించుకొని గ్రూపులో రాశాడు. దాని కింద నేనూ రాశాను: మాట్లాడవలసిన చోట బొమ్మ పెట్టి ఊరుకున్నాను, తప్పు నాది, మాస్టారు నన్ను క్షమించాలి అని.

తరువాత అతడు ఒక కాగితం తీసుకొని, ఆ ఫొటో ఎవరెవరికి పంపాడో పేర్లు రాసుకున్నాడు. పంతొమ్మిది. ఒక్కొక్కరికీ ఫోను చేసి నిజం చెప్పి, వారు ఎవరికి పంపారో అడిగి, ఆ పేర్లు కూడా చేర్చాడు. ముప్పై నాలుగయ్యాయి. క్రిస్మసుకు ముందు ఆ కాగితం నాకు చూపించాడు. రెండు పేర్లకు ఇంకా టిక్కు పడలేదు. కువైట్‌లో ఉన్నతను నంబరు మార్చాడు. రెండవ ఆయన "అయిపోయిన గొడవ ఇప్పుడెందుకయ్యా" అని ఫోను పెట్టేశాడట. మాస్టారి భార్య ఆగమన కాలం మొదటి ఆదివారం నుండి పూజకు వస్తున్నారు. అందరికన్నా వెనుక కూర్చొని, చివరి ఆశీర్వాదం కాగానే ఎవరితో మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు.