పంజరము కట్టినవాని బాధ్యత

ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమున 2008 అక్టోబరులో ఏడేండ్ల బాలుడొకడు సరీసృపముల ప్రదర్శనశాలలో జొరబడి, కొన్నింటిని రాతితో మోది చంపెను. కొన్నింటిని మొసలికి ఆహారముగ వేసెను. పదియేండ్లు నిండనివానిపై అచటి చట్టము నేరము మోపదు. తల్లిదండ్రులపై దావా వేయుదుమని నిర్వాహకులనిరి.

తల్లిదండ్రులు కొంత బాధ్యులే. కాని స్వేచ్ఛగానుండు ప్రాణికి కాళ్లో రెక్కలో రక్ష. బంధించినవాడు ఆ రక్షను హరించెను. నాటినుండి దాని ప్రాణభారము వానిదే. మన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము సయితము, తగిన జాగ్రత్త వహింపని యజమానిని దోషిగనే ఎంచును.

మన గోదావరిఖనిలో ఒక క్వార్టరు వసారాలో రామచిలుక పంజరము వ్రేలాడుచున్నదనుకొందము. పిల్లవాడు పుల్లతో పొడిచినాడు. వానినొక్కనినే దండించుట న్యాయమా? (చిలుకను బంధించి పెంచుటయే వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఈ సంగతి పెద్దలలోనే పలువురెరుగరు.) బసవేశ్వరుడు దయను సకల ప్రాణులకును వర్తింపజేసి బోధించెను. మెడలో లింగము ధరించిన బాలునకు ఆ బోధ చెప్పుచు, నెత్తిపై పంజరము వ్రేలాడదీసినచో, వాడు దేనిని నేర్చును?

అట్లని వానిని ఊరక విడువరాదు. గాయపడిన పక్షికి నీరు, గింజలు పెట్టు పని వానికే అప్పగింపవలెను. తండ్రి ప్రక్కన కూర్చుండవలెను. గాయము మానిన పిదప చిలుకను అటవీశాఖవారికి అప్పగింపవలసినవాడు మాత్రము తండ్రియే.