ఆ లిస్టు మడిచి లోపల పెట్టండి

చిట్టీ,

అల్లుడుగారు వాట్సాప్‌లో పంపిన పారిస్ లిస్టు మీ పెదనాన్న కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండుసార్లు చదివారు. ఎనిమిది రోజులకి ముప్పై నాలుగు చోట్లు. చదివి, ఫోను నా చేతికిచ్చి, "మనమూ ఇలాగే రాసుకున్నాం కదూ" అన్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అనేసి మర్చిపోతావు. ఇది తీరిగ్గా చదువుకో. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

నేను అడిగేది ఒక్కటే. రోజుకి ఒక్క చోటు చూడండి. ఆ ఒక్కటీ ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూడండి. మిగతా పొద్దంతా నడవండి, తినండి, కాళ్ళు లాగితే ఎక్కడో అక్కడ కూర్చోండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా నాలుగో రోజు సంగతి నీకు తెలియదు. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

మేము పారిస్‌కి 2018 జూన్‌లో వెళ్ళాం, పెదనాన్న రిటైరైన మూడో నెలలో. ఆయన ఆఫీసులో ఎలా ఉండేవారో ప్రయాణంలోనూ అలాగే. పొద్దున్న తొమ్మిదికి లూవ్ర్ మ్యూజియం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఓర్సే మ్యూజియం, నాలుగింటికి ఈఫిల్ టవర్ అని గంటల వారీగా రాసుకున్నారు. నాలుగో రోజు లూవ్ర్‌లో మోనాలిసా గదిలోకి మేము నడిచి వెళ్ళలేదు, జనమే తోసుకుంటూ తీసుకెళ్ళారు. ఆ బొమ్మ ఎత్తు రెండున్నర అడుగులు. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుంటే, నేను చూసింది ఆ ఫోన్లలో ఉన్న మోనాలిసాలనే. అక్కడినుంచి అపోలో గ్యాలరీ అనే పొడవాటి హాల్లోకి వచ్చాం. పైకప్పంతా బంగారు పూత, కింద అద్దాల పెట్టెల్లో రాజుల నగలు. అందులో ఒక వజ్రం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి.

దాని పేరు రీజెంట్. 140 కారెట్ల పైమాట. అది మన కృష్ణ ఒడ్డున, కొల్లూరు గనిలో దొరికిన రాయి. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్ కొని ఇంగ్లండు పంపి సానబెట్టించాడు. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధి దాన్ని కొన్నాడు. తర్వాత నెపోలియన్ తన కత్తికి పొదిగించుకున్నాడు. ఆ కొల్లూరు ఊరేమో ఇవాళ పులిచింతల నీళ్ళ అడుగున ఉంది. నేను బందరు పిల్లని, నీకు తెలుసుగా. మా ఊళ్ళో పరాసుపేట ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్ళే. 1669లో వాళ్ళు బందరులో వర్తకం పెట్టుకున్నారు. ఆ పేట మీదుగానే నేను బడికి వెళ్ళేదాన్ని. మా కృష్ణలో దొరికిన రాయి, ఆ పరాసుల ఊళ్ళో, అద్దం లోపల దీపం కింద నీటిబొట్టులా మెరుస్తుంటే ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. "ఏమండీ, ఇది చూశారా" అని వెనక్కి తిరిగాను. వెనక ఆయన లేరు.

నేను వెంటే ఉన్నాననుకుని లిస్టు ప్రకారం తర్వాతి హాలుకి వెళ్ళిపోయారు. మా ఇద్దరికీ ఉన్న ఒక్క సిమ్ము ఆయన ఫోన్లో ఉంది. గంటన్నర ఒకరినొకరు వెతుక్కున్నాం. నాకు భాష రాదు. కాపలా ఉన్న ఒక అమ్మాయి నా మొహం చూసి, సైగలతో దారి చెబుతూ కింద గాజు పిరమిడ్ దాకా తీసుకొచ్చి దింపింది. అక్కడ బెంచీ మీద పెదనాన్న నా స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు, ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఒకళ్ళనొకళ్ళం ఏమీ అనుకోలేదు. మళ్ళీ పైకి వెళ్ళే ఓపికా లేదు. గదికొచ్చాక ఆ లిస్టు నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టు కవర్లో దోపేశారు. ఎర్రగడ్డలో ఇంటికి చేరేదాకా మళ్ళీ తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే అలీగ్ర్ సంతకి వెళ్ళాం. మీరు కూడా తప్పకుండా వెళ్ళండి. సోమవారం తప్ప రోజూ పొద్దున్న ఉంటుంది. వీధి పొడుగునా కూరగాయలూ పళ్ళూ, అరుస్తూ అమ్ముతుంటారు. ఆ పక్క ఖాళీ జాగాలో పాత సామాను. గిన్నెలు, చెంచాలు, అట్టలు ఊడిన పుస్తకాలు నేలమీద పరిచి కూర్చుంటారు. చూడగానే మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. రైతు బజార్లో కూరలు సంచీలో వేసుకుని, ఆదివారమైతే ఎర్రగడ్డ సంతలో పాత రేడియోలు, ఫ్యాన్లు తిరగేస్తూ ఇంటికొచ్చే మనుషులం కదా మేము. అంత దూరం వచ్చి మన వీధిలోనే నిలబడ్డట్టు అనిపించింది. ఐదు రోజుల్లో మొదటిసారి పెదనాన్న వాచీ చూసుకోలేదు.

అక్కడ కాయలు నొక్కి చూడకు. బెండకాయ తుంచి చూసే అలవాటు మనది. వాళ్ళకి అది నచ్చదు. నేను ఖర్బూజా మీద చెయ్యి వెయ్యబోతే అమ్మే ఆయన నవ్వుతూ, వద్దని వేలు ఊపి, ఇవాళ తింటారా, రేపు తింటారా అని వేళ్ళతోనే అడిగాడు. ఇవాళే అన్నాను. నాలుగు కాయలు తీసి, తొడిమ దగ్గర ఒక్కొక్కటీ వాసన చూసి, నాలుగోది నా చేతిలో పెట్టాడు. ఆ కాయ కోసినప్పుడు గదంతా వాసనొచ్చింది. తెలిసినవాడికి వదిలేస్తే ఎంత మంచిది దొరుకుతుందో చూడు.

ఆ సంత పక్కనే రొట్టెల దుకాణాలు. పొడుగు రొట్టె బాగెట్ రెండు రకాలు. మీరు "ట్రెడిషన్" అని అడిగి తీసుకోండి. ఆ పేరు పెట్టాలంటే పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే మందుతోనే చెయ్యాలని, రసాయనాలేవీ కలపకూడదని, ముద్దని గడ్డకట్టించి దాచకూడదని 1993లో అక్కడ ప్రభుత్వం ఉత్తర్వే ఇచ్చింది. పొద్దున్న వేడిగా ఉన్నప్పుడు చేత్తో తుంచితే పైన పెంకు చిటపటమంటుంది, లోపల మెత్తగా ఆవిరి. అది పట్టుకుని దగ్గర్లోనే పాత రైలు వంతెన మీద పెంచిన తోట ఒకటుంటే మెట్లెక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం. నా బ్యాగులో గోంగూర పచ్చడి చిన్న డబ్బా ఉంది. రొట్టె చీల్చి మధ్యలో గోంగూర రాసి పెదనాన్నకిచ్చాను. ఆయన ఒక ముక్క తిని, మాట్లాడకుండా చెయ్యి చాపి ఇంకోటి అడిగారు. పారిస్‌లో ఏం తిన్నారని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆయన ముందు చెప్పేది అదే.

పచ్చడి అంటే గుర్తొచ్చింది. గోంగూర, కందిపొడి గట్టిగా సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టుకో. నెయ్యి మాత్రం వద్దు. పాలతో చేసినవీ, మాంసం పచ్చళ్ళూ బయటి దేశాలనుంచి యూరప్‌లోకి తీసుకురానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా కాగితాలు లేకుండా కుదరవు. మీ అమ్మ నేతి సున్నుండలు కడతానంటే తిరిగొచ్చాక తింటామని చెప్పు.

తిండి దగ్గర మీరు కష్టపడేది వేళలతోనే. మధ్యాహ్నం పన్నెండుకి వంటిల్లు తెరుస్తారు, రెండింటికి మూసేస్తారు. మళ్ళీ రాత్రి ఏడు దాటాకే. మనలా మూడింటికి భోజనానికి వెళ్తే చాలా చోట్ల కాఫీయే దిక్కు. మేము ఒకరోజు అలాగే తిరిగి తిరిగి, ఆకలితో ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. కడుపు ఖాళీగా ఉంటే ఎంత అందమైన ఊరైనా కంటికి ఆనదు, మొగుడూ పెళ్ళాల మాట కూడా మంచిగా రాదు. కాబట్టి పన్నెండున్నరకల్లా ఎక్కడున్నా కూర్చోండి. ఈఫిల్ టవర్ పక్కన రంగు ఫోటోలు పెట్టిన మెనూ చూసి ఒక హోటల్లోకి వెళ్ళి, రెండు నీళ్ళ సీసాలకి మా భోజనం అంత డబ్బు కట్టాం. "కరాఫ్ దో" అని అడిగితే కుళాయి నీళ్ళు కూజాలో తెచ్చి ఊరికే ఇస్తారు. ఆ నీళ్ళు మంచివే. ఇంకో మాట. ఏ కొట్లోకి వెళ్ళినా ముందు "బోంజూర్" అని పలకరించాలి. గుమ్మంలోకి వచ్చి పలకరించకుండా బేరం మొదలెడితే మన ఇళ్ళల్లో మాత్రం బాగుంటుందా? ఆ ఒక్క మాటతో వాళ్ళ మొహం విచ్చుకోవడం నేను కళ్ళారా చూశాను.

మన ఇంట్లో గొడ్డు మాంసం, పంది మాంసం తినరు కాబట్టి జాంబోన్, లార్డోన్ అన్న మాటలు గుర్తుపెట్టుకో, రెండూ పందివే. సలాడ్‌లో కూడా వేస్తారు. ఉల్లిపాయ సూప్ పేరుకి ఉల్లిపాయే గాని గొడ్డు ఎముకల రసంతో కాస్తారు. మీకు హాయిగా నప్పేది గలెట్. మోంపర్నాస్ స్టేషన్ దగ్గర వీధి వీధంతా అవే. బ్రిటనీ ప్రాంతంనుంచి వచ్చే రైళ్ళు ఆ స్టేషన్లోనే ఆగేవి కదా, దిగినవాళ్ళు తమ ఊరి అట్లు అక్కడే పోయడం మొదలుపెట్టారు. మేము పెనానికి ఎదురుగా కూర్చున్నాం. గోధుమ కాదు, బక్‌వీట్ అనే నల్ల పిండి. పలచగా పోసి, అడ్డపుల్ల ఉన్న చెక్కతో పెసరట్టులాగే తిప్పుతుంది ఆవిడ. గుడ్డు, చీజు, పుట్టగొడుగులు వేసి నాలుగు అంచులూ లోపలికి మడిచి చతురస్రంగా చేస్తుంది. నేను చేత్తో గాలిలో అట్టు తిప్పి చూపించి, మా ఇంట్లోనూ ఇంతే అన్నాను. ఆవిడకి అర్థమైంది.

అన్నం మీద మనసు పోతుంది, పోకుండా ఉండదు. అప్పుడు గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ వీధులకి వెళ్ళండి. 1980లలో యుద్ధం తప్పించుకుని వచ్చిన శ్రీలంక తమిళులు అక్కడ ఇడ్లీలు, దోసెలు, చీరల కొట్లు పెట్టుకుని బతుకు నిలబెట్టుకున్నారు. 1985లో పెట్టుకున్న వినాయకుడి గుడి కూడా ఉంది. అక్కడ సాంబారు అన్నం తింటే ప్రాణం లేచొస్తుంది. కానీ ఒక్క పూటే వెళ్ళండి. రోజూ అన్నం వెతుక్కుంటే ఆ ఊరి రుచి మీకు తెలియకుండానే వచ్చేస్తారు.

జూన్‌లో పొద్దు దాదాపు పది దాకా ఉంటుంది. తొందరేమీ లేదు. ఈఫిల్ టవర్ చీకటి పడ్డాక దూరంనుంచి చూడండి. గంట గంటకీ ఐదు నిమిషాలు దీపాలు మిణుకుమంటాయి. పైకి ఎక్కే క్యూలో రెండు గంటలు నిలబడటం కన్నా నది గట్టున ఇద్దరూ కూర్చుని చూడటమే బాగుంటుందని నా అభిప్రాయం.

ఒకటి చూడండి చాలన్నాను గాని, మనసు పడ్డదాన్ని వాయిదా వెయ్యకండి. నోత్రదామ్ చర్చి పక్క తోటలో గంట కూర్చున్నాం. లోపలికి క్యూ ఎక్కువగా ఉందని, ఇంకోసారి వద్దాంలే అన్నాను. అన్నది నేనే. 2019 ఏప్రిల్ 15న దాని గోపురం మంటల్లో కూలిపోవడం ఇక్కడ ఎర్రగడ్డలో టీవీలో చూశాం. 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు, లోపలికి టికెట్టు లేదు. మీరు వెళ్ళండి.

బయల్దేరే ముందు ఒక ఆదివారం ఇద్దరూ మా ఇంటికి రండి. భోంచేశాక మెట్రోలో ఐదు స్టేషన్లు వెళ్దాం, ఎర్రమంజిల్‌కి. నవాబు ఫక్రుల్ ముల్క్ ఒక ఎర్రమట్టి గుట్ట మీద యూరప్ తరహాలో కట్టించిన భవంతి అది. పారసీలో ఇరం అంటే స్వర్గమట, మన ఎర్రకీ దానికీ కలిసొచ్చిందని ఆ పేరు పెట్టారంటారు. పడగొట్టాలని ప్రభుత్వం అనుకుంటే 2019లో హైకోర్టు ఆపింది. నలభై ఏళ్ళు దాని ముందునుంచి బస్సుల్లో పోయాను గాని, పారిస్ నుంచి వచ్చాకే దిగి చూశాను. గోడల మీద సున్నపు పూలు పెచ్చులూడి ఉన్నాయి. బయటినుంచే అరగంట నిలబడి చూద్దాం. ఒకదాని ముందు ఊరికే నిలబడటం మీ ఇద్దరికీ అక్కడికి వెళ్ళకముందే కొంచెం అలవాటు అవుతుంది.

ఇక అసలు కోరిక. 2025 అక్టోబరులో పట్టపగలు ఆ అపోలో గ్యాలరీలోనే దొంగలు పడి రాజుల నగలు ఎత్తుకుపోయారు. వార్త వస్తుంటే పెదనాన్న సౌండు పెంచి, "నీ రాయి ఉందా?" అని అడిగారు. ఉంది, దొంగల చేతికి పోలేదు. కానీ ఆ రోజు నేను చూస్తూ నిలబడిపోయిన దాన్ని ఆయన చూడనే లేదు చిట్టీ. ఇప్పుడు మోకాళ్ళు అంత దూరం తీసుకెళ్ళవు. మీరు వెళ్ళేనాటికి ఆ హాలు తెరిచి ఉందో, ఆ వజ్రం అక్కడ పెట్టారో ముందే కనుక్కోండి. మంగళవారం లూవ్ర్ మూసేస్తారు. ఉంటే, నువ్వూ అల్లుడుగారూ దాని ముందు కావలసినంత సేపు నిలబడండి. ఫోటో పంపకండి. సాయంత్రం ఫోన్ చేసి, అది ఎలా ఉందో పెదనాన్నకి నోటితో చెప్పండి. అక్కడ ఆరైతే ఇక్కడ తొమ్మిదిన్నర. ఆయన మెలకువగానే ఉంటారు.

మీ పెద్దమ్మ,
ఎర్రగడ్డ