కానరాని సొమ్ము, కాదనలేని సాక్ష్యం

మన పాతబస్తీ దుకాణాల్లో బంగారం ధరతోపాటు ఇప్పుడు బిట్‌కాయిన్ ధర కూడా మాటల్లోకి వస్తోంది. ఇటీవల అస్ర్ నమాజు తర్వాత ఒక యువ సోదరుడు మా వద్దకు వచ్చి అడిగాడు: "మౌలానా! క్రిప్టోలో కొంత లాభం వచ్చింది. జకాత్ ఇచ్చేశాను. ప్రభుత్వానికి చెప్పకపోతే గునాహ్ అవుతుందా?"

క్రిప్టో వ్యాపారం ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. అది వేరే చర్చ. ఇక్కడి ప్రశ్న దాచటం గురించి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ లాభాలపై 30 శాతం పన్ను, ఆ పన్నుపై 4 శాతం సెస్సు ఉన్నాయి. అదే ఏడాది జూలై 1 నుంచి, నిర్ణీత పరిమితి దాటితే, అమ్మకపు సొమ్ములో 1 శాతం టీడీఎస్‌గా ముందే కోస్తున్నారు. ఆ కోతతో బాధ్యత తీరిపోదు. అది కట్టవలసిన పన్నులో జమ అవుతుంది, అంతే. రిటర్నులో ఈ లావాదేవీలను విడిగా చూపాలి.

ఆ సోదరుని బాధ కూడా అబద్ధం కాదు. ఉదాహరణకు, 2 లక్షలకు కొన్నది 3 లక్షలకు అమ్మితే లక్ష లాభం. పన్ను, సెస్సు కలిపి 31,200 రూపాయలు. మరో నాణెంలో 80 వేలు నష్టపోయినా ఆ నష్టాన్ని ఈ లాభంలోంచి తీసివేయనివ్వరు. నికరంగా మిగిలింది 20 వేలు, కట్టవలసింది అంతకన్నా ఎక్కువ! "ఇది జుల్మ్ కాదా?" అని ఎవరైనా అడిగితే ఆ అడగటాన్ని మేము తప్పుపట్టము. ప్రభుత్వానికి విన్నవించుకోవచ్చు, న్యాయస్థానానికి వెళ్ళవచ్చు, ఆ వ్యాపారమే మానుకోవచ్చు. కాని అబద్ధం చెప్పే దారి మాత్రం మనకు లేదు.

హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనాకు వస్తుండగా ఖురైషులు అడ్డగించి, ముస్లింల పక్షాన పోరాడబోమని మాట తీసుకుని వదిలారు. బద్ర్‌లో ముస్లింలు సుమారు 313 మందే. ఒక్కొక్కరూ ఎంతో అవసరమైన ఆ వేళ కూడా దైవప్రవక్త (స) వారిద్దరినీ ఇచ్చిన మాట మీదే నిలబడమన్నారు. ఒత్తిడిలో శత్రువుకిచ్చిన మాటకే అంత విలువ ఉంటే, మనం నివసించే దేశంతో ఉన్న ఒడంబడికకు ఎంత విలువ ఉండాలి!

సోదరులారా! రిటర్ను చివర, ఇచ్చిన వివరాలన్నీ నిజమని, సంపూర్ణమని మనమే ధ్రువీకరిస్తాము. అది మన సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోర పాపాల్లో లెక్కించారు. పన్ను న్యాయమైనదా కాదా అన్న లెక్క పాలకులు అల్లాహ్‌కు చెప్పుకుంటారు. మన సంతకం లెక్క మనమే చెప్పుకోవాలి.

జకాత్ ఆరాధన, పన్ను చట్టబాధ్యత. ఒకటి ఇస్తే రెండవది తీరదు. ఇప్పటికే దాచినవారు నిరాశ చెందనక్కర్లేదు. గడువు మించకముందే అదనపు పన్నుతో రిటర్నును సరిచేసుకునే వీలు చట్టంలో ఉంది. తప్పు ఒప్పుకుని, బకాయి తీర్చి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవటమే కదా తౌబా!

ఫోన్ తెరపై దాగిన సొమ్ము మనుషుల కంటికి కనిపించకపోవచ్చు. అల్లాహ్‌కు కనిపించనిది ఏదీ లేదు. సత్యం పలికే ధైర్యాన్ని, హలాల్ సంపాదనలో శుభాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.