ఏమైంది నాన్నా అని అడిగే పెద్ద

వానాకాలంలో కట్టలేరుకు నీళ్ళొస్తే మన వినగడపలో ఏ తల్లీ తన బిడ్డను ఒంటరిగా వాగు దాటనివ్వదు. నీళ్ళు తగ్గేదాకా ఆగమంటాం, లేకపోతే చెయ్యి పట్టుకుని దాటిస్తాం. కానీ అదే బిడ్డ రోజూ బస్సులో, తరగతి గదిలో, హాస్టల్లో ఏమేం దాటుకుని వస్తోందో అడగం. "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడుగుతాం. "నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా?" అని అడిగే ఇళ్ళు తక్కువ. ఈ రోజు ఆ ప్రశ్న గురించే చెప్పుకుందాం.

ఇది బడి విషయం, ధమ్మానికేం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. ధమ్మం అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సరైన సంబంధం అని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించారు. మనిషి ఒక్కడే ఉంటే ధమ్మంతో పని లేదు, ఇద్దరున్న చోట ధమ్మం ఉండి తీరాలి అన్నది ఆయన చెప్పిన మాటల సారం. బడిలో ఒక్కో బెంచీ మీద ముగ్గురు నలుగురు కూర్చుంటారు. అక్కడ లేని ధమ్మం, ఆదివారం వందనలో కూర్చున్నంత మాత్రాన వస్తుందా?

అంగులిమాలుడి కథ మనందరికీ తెలుసు. వేళ్ళ మాల వేసుకుని అడవిలో తిరిగిన హంతకుణ్ణి తథాగతుడు మార్చాడని చెప్పుకుంటాం. అయితే అతను అలా ఎందుకయ్యాడో అంతగా చెప్పుకోం. అట్ఠకథల ప్రకారం అతని అసలు పేరు అహింసకుడు. కోసల రాజు పురోహితుడి కొడుకు. చదువుకోడానికి తక్షశిల వెళ్ళాడు. చదువులో అందరికంటే ముందుండేవాడు, గురువుకు ఇష్టుడు. తోటి విద్యార్థులకు కన్ను కుట్టింది. గుంపులు గుంపులుగా గురువు దగ్గరికి పోయి అతని మీద లేనిపోనివి చెప్పారు. గురువు మొదట నమ్మలేదు. పదేపదే చెప్పేసరికి నమ్మాడు. గురుదక్షిణగా వెయ్యి వేళ్ళు తెమ్మని ఆ కుర్రవాణ్ణి చావుదారిలోకి తోశాడు.

ఆలోచించండి. అంత పెద్ద విద్యాకేంద్రంలో ఆ పిల్లవాణ్ణి పిలిచి "నీ మీద ఇలా అంటున్నారు, నిజమేంటి నాన్నా?" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్కరు అడిగి ఉంటే ఆ కథ వేరేగా ఉండేది.

ఇప్పుడు ఇంకో పిల్లవాణ్ణి చూడండి. సతారా బడిలో భీమ్‌రావు తరగతిలో ఒక మూల గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. ఆ పట్టా కూడా తనే ఇంటి నుంచి తెచ్చుకుని, మళ్ళీ ఇంటికి తీసుకుపోవాలి. దాహమైతే కుళాయి ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు. ప్యూను లేని రోజు నీళ్ళు లేవు. తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని పిల్లలంతా లేచి పరిగెత్తి వాటిని తీసేసుకున్నారు. ఆ పిల్లలకు ఆ పని పుట్టుకతో రాలేదు. ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకున్నదే.

ఆ రోజుల్లోనే భీమ్‌రావు బడి అయ్యాక చర్నీ రోడ్డు తోటలో కూర్చుని చదువుకునేవాడు. అక్కడికి వచ్చే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు ఆ కుర్రవాణ్ణి గమనించి పలకరించాడు. ఎవరివి, ఏం చదువుతున్నావు అని అడిగాడు, పుస్తకాలిచ్చాడు. 1907లో భీమ్‌రావు మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన సభలో తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవితచరిత్రను కానుకగా ఇచ్చాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది మధ్య తీసుకున్న దీక్షకు మొదటి విత్తనాల్లో అదొకటి. మనం ఈ రోజు ధమ్మంలో ఉన్నామంటే, ఒంటరిగా కూర్చున్న పిల్లవాణ్ణి ఒక పెద్దాయన పలకరించడం కూడా అందులో ఒక కారణం.

ఇద్దరూ తెలివైన పిల్లలే, ఇద్దరినీ తోటివాళ్ళు వేరు చేశారు. ఒకరికి అడిగే పెద్ద దొరకలేదు, ఇంకొకరికి దొరికాడు. ఈ రోజు చెప్పదలిచింది ఇదే.

మరి పిల్లలు ఏడుస్తూ ఇంటికొస్తే మనం ఏం చెబుతున్నాం? "సర్దుకుపో, మనకెందుకు గొడవ" అంటాం. కొందరైతే "బుద్ధుడు ఓర్పు చెప్పాడు కదా" అంటారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అంగులిమాలుడు భిక్షువు అయ్యాక జనం రాళ్ళు విసిరితే, తలపగిలి వచ్చిన అతనితో ఓర్చుకోమని తథాగతుడు చెప్పిన మాట నిజమే. కానీ అది అతను చేసిన హత్యలకు సంబంధించిన మాట. ఆరో తరగతి పిల్ల ఏం చేసిందని ఓర్చుకోవాలి? "నీ ఖర్మ" అనే మాట ఆమెతో అనకండి. పుట్టుకతో వచ్చిన బాధకు పూర్వజన్మ పాపమే కారణమనే వాదాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఓర్పు అనేది కోపాన్ని గెలవడానికి. అన్యాయం చూస్తూ నోరు మూసుకోవడం ఓర్పు కాదు.

"వాణ్ణి నువ్వూ కొట్టిరా" అని పంపే తండ్రులూ ఉన్నారు. అదీ దారి కాదు. సావత్థిలో కొందరు పిల్లలు పామును కర్రలతో కొడుతుంటే తథాగతుడు చూశాడు. పిల్లల ఆటే కదా అని దాటిపోలేదు. ఆగి, ఎందుకు కొడుతున్నారని అడిగాడు. కరుస్తుందని భయమన్నారు. ఇంకొకరిని బాధపెట్టి సుఖపడాలనుకునేవాడికి సుఖం దొరకదని వాళ్ళకు నచ్చజెప్పాడు. ఏడిపించే పిల్లవాడి లోపల కూడా తరచుగా ఒక భయం ఉంటుంది. ఇంట్లో తన్నులు తినేవాడు బడిలో ఇంకొకణ్ణి తంతాడు. వాణ్ణి ఆపాలి, వాడి మాటా వినాలి.

ఇంకో మాట, కష్టమైనా చెప్పాలి. మన పిల్లలు ఎప్పుడూ బాధపడేవాళ్ళే కాదు, బాధపెట్టేవాళ్ళు కూడా అవుతారు. నత్తిగా మాట్లాడే పిల్లను, కాలు సరిగ్గా లేని పిల్లవాణ్ణి, యానాది, ఎరుకల పిల్లల్ని వెక్కిరించేవాళ్ళలో మనవాళ్ళు లేరా? మనలో మనమే మాల, మాదిగ అని దెప్పుకునే మాటలు పిల్లల చెవిన పడటం లేదా? సమానత్వం కోసం పాటుపడతామని, ప్రాణులన్నిటి మీదా కరుణ చూపుతామని దీక్షలో ప్రతిజ్ఞ చేశాం. అది మన ఇంటి అరుగు మీద మొదలవ్వాలి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో మన పక్కనే చూశాం. ఆచార్య నాగార్జునుడి పేరు పెట్టుకున్న గుంటూరు విశ్వవిద్యాలయంలో 2015 జులైలో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి హాస్టల్లో ప్రాణం తీసుకుంది. తనను వేధించారని రాసిపెట్టి వెళ్ళింది. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. తొమ్మిదేళ్ళ తర్వాత కోర్టులో నేరం రుజువు కాక కేసు వీగిపోయింది. ఎవరిది తప్పో తేల్చడం మన పని కాదు. బిడ్డ రాసిన కాగితం చేతికి వచ్చాక అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఆ బిడ్డ ఉండదు. బిడ్డ ఉన్నప్పుడే అడగాలి.

కాబట్టి ఇంటికి వెళ్ళి ఈ పనులు చేద్దాం.

మొదటిది, చూడటం. బడికి వెళ్ళే వేళకే కడుపునొప్పి అనడం, పెన్నులూ పుస్తకాలూ తరచూ పోవడం, మధ్యాహ్నం అన్నం తినకుండా రావడం, ఎప్పుడూ ఎక్కే బస్సు ఎక్కననడం, ఇవి కనిపిస్తే తిట్టకండి. పక్కన కూర్చుని "ఏమైంది నాన్నా?" అని అడగండి. చెప్పేదాకా ఆగండి. చెప్పాక "నీ తప్పు లేదు, మేమున్నాం" అనండి.

రెండోది, రాయడం. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత హెడ్మాస్టరుకు కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. అరవక్కర్లేదు, గట్టిగా మాట్లాడితే చాలు.

మూడోది, చట్టం తెలుసుకోవడం. ఉపాధ్యాయులు పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఫిర్యాదు అందినా విద్యాసంస్థ అధిపతి చర్య తీసుకోకపోతే నేరానికి తోడ్పడినట్టే లెక్క. నలుగురిలో కులం పేరుతో అవమానించడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. అయితే తిట్టింది మైనరు పిల్లలైతే వాళ్ళ విషయం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారమే నడుస్తుంది. వాళ్ళూ మారాల్సిన పిల్లలే. పిల్లల సాయం కోసం 1098కి, మనసు బాగా కుంగిపోతే 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. ఈ రెండు నంబర్లు పిల్లల చేత కంఠతా పట్టించండి.

నాలుగోది, పిల్లలకు నేర్పడం. తథాగతుడు చిన్నవాడైన రాహులుడికి అద్దం చూపించినట్టు చెప్పాడు. ఏ పనైనా చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక, ఇది నాకు గానీ ఇంకొకరికి గానీ బాధ తెస్తుందా అని చూసుకోమన్నాడు. ఒక మారుపేరు పెట్టే ముందు, ఫోన్‌లో ఒక ఫోటో పంపే ముందు మన పిల్లలు ఈ ప్రశ్న వేసుకోవాలి. ఎవరినైనా ఏడిపిస్తుంటే నవ్వుతూ నిలబడకుండా, ఆ పిల్ల పక్కన వెళ్ళి కూర్చోవడం నేర్పండి. మైత్రి అంటే పిల్లలకు అలాగే అర్థమవుతుంది.

రాత్రి పంచశీల చెప్పుకున్నాక, ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, మీ బిడ్డను అడగండి. పక్కింటి బిడ్డను కూడా అడగండి. కేలూస్కర్ పలకరించింది తన కొడుకును కాదు.

నమో బుద్ధాయ. జై భీమ్.